బాలింతకుప్ప కాడ మిలిటరీ బండి

ముసలిగుట్ట మీది ఘాటు తొవ్వ ఎక్కేటోళ్లకు కిందున్న చాయ్ హోటలోడు చెప్పే మాట ఒక్కటే. బాలింతకుప్ప కాడ ఒక రాయి వేసి పోండ్రి. మరిచిపోయి పోయిన్రో… బండి బరువైతది.

బరువైతది అంటె, ఆమె ఎక్కుతదన్నట్టు.

ఎన్కట ఎప్పుడో పచ్చి బాలింతను ఎడ్లబండ్ల వేసుకొని మంచిర్యాల దవాఖానకు తోలుకపోతుంటె, ఘాటు మీద పానం ఇడిచిందట. ఆడనే పాతిపెట్టి, నక్కలు తవ్వకుంట మీద రాళ్లు పేర్చిన్రు. అప్పటి సంది వచ్చేటోడు, పోయేటోడు తలా ఒక రాయి వేసుకుంట పోతున్నరు. కుప్ప పెరిగి పెరిగి మనిషి నిలువెత్తు అయింది. చుట్టుముట్టు ఎంత దేవులాడినా ఇప్పుడు ఒక్క రాయి దొరకది. ఉన్నయన్ని కుప్ప మీదికే చేరినయి. తెలిసినోళ్లు కిందనే ఒక రాయి జేబుల వేసుకొని ఎక్కుతరు. తెలువనోళ్లు మన్నుపెడ్డ వేస్తరు. మన్నుపెడ్డ లెక్కల రాదని ముసలోళ్లు అంటరు.

నవ్వుకునేటోళ్లు నవ్వుకోండ్రి. పగటిపూట అందరు నవ్వుతరు. పొద్దుగూకినంక ఆ మలుపు కాడ రాయి వెయ్యకుంట పోయిన మొగోడు ఎవడన్న ఉంటె చూపియ్యుండ్రి.

ఉన్నడు ఒకడు. చింతమడుగు వెస్లీ.

వెస్లీ బాపు అబ్రహాం మిషన్ గుడిల పెద్దమనిషి. రాళ్లకు మొక్కుడు మన ఇంట్ల లేదు బిడ్డా అని చెప్పి పెంచిండు. సచ్చిపోయేటప్పుడు కొడుక్కు గా మాటను, ఒక మిలిటరీ బండిని ఇచ్చి పోయిండు. వేలంపాటల కొన్న పికప్పు బండి అది, పెట్రోలుది. మామూలు గేరుడండా పక్కపొంటి ఇంకొక పొట్టి డండా ఉంటది. అది గుంజితె నాలుగు చక్రాలు తిరుగుతయి, గేర్లన్ని చిన్నయైతయి. ఇగ బండి మనిషి నడిచినంత మెల్లగ పోతదిగని, దాన్ని ఆపేటి గుట్ట ఉండది. వానకాలం చింతమడుగుల గా ఘాటు ఎక్కే బండి అదొక్కటే. ఊరి పత్తి, ఊరి రోగాలు అన్ని దాంట్లనే దిగేటియి.

వెస్లీకి బండి తర్వాత పెండ్లామే. లేకుంటె పెండ్లాం తర్వాత బండి. మహిమ మాత్రం ఈ లెక్క తేల్చుమని ఎన్నడు అడగలే. ఆమె అడిగింది ఒక్కటే.

"నాకు బండి నేర్పియ్యరాదు?"

"గేర్లు నీ చేతికి రావు."

"ఘాటు మీద గాడిల పడ్డంక పట్టుకునుడే అవసరం లేదు, బండి దాని తొవ్వ అదే పోతదని నువ్వే అంటవ్. గా గాడి మీదనన్న ఇయ్యి."

"ఇస్త తియ్యి. పత్తి ఏరుడు అయిపోనియ్యి."

అది నిజమే. ఆ తొవ్వకు డాంబరు లేదు. వానలకు మెత్తబడి, ఎండలకు గట్టిపడి, రెండు గాడులు మోకాలిలోతు పడి ఉంటయి. చక్రం అండ్ల పడ్డదంటె బయటికి రాదు. పత్తి ఏరుడు అయిపోయింది. మళ్ల విత్తనాలు పడ్డయి. వెస్లీ నేర్పియ్యలే. రేపు రేపు అన్న పని ఎవనింట్ల అయింది గనుక.

రెండేండ్ల కింద ముసురువానల పత్తిచేన్ల మహిమను పాము కరిచింది.

వెస్లీ ఆమెను ముందట సీట్ల కూసోపెట్టుకొని ఘాటు ఎక్కిండు. పొద్దుగూకుతుంది. కుప్ప కాడికి వచ్చేసరికి బండి దగ్గి, తుమ్మి, ఆగిపోయింది. పెట్రోలు ఇంజనుకు నిప్పురవ్వ పుడితెనే పానం. తడికి తీగలన్ని నాని నిప్పురవ్వ పుట్టలే. తుడిచిండు, ఊదిండు, అంగీ ఇప్పి మీద కప్పిండు. రాలే.

మహిమ తలకాయ సీటుకు ఆనిచ్చి, మెల్లగ అన్నది. "ఇగో… ఒక్క రాయి వెయ్యరాదు."

"నువ్వు గూడనా?" అని కసిరిండు వెస్లీ. ఫోను పట్టుకొని, సిగ్నలు దొరుకుతదని గుట్ట కొసకున్న బండ మీదికి ఉరికిండు. సిగ్నలు దొరకలే. తిరిగి వచ్చేసరికి ఆమె పోయింది. అదే సీట్ల, అట్లనే ఆనుకొని.

ఇగ ఊరు ఊకుంటదా. రాయి వెయ్యలే, అందుకే పట్టుకున్నదన్నరు. కొన్ని దినాలకు, బాలింతకు తోడు దొరికిందన్నరు. ఇంకొన్ని దినాలకు, కుప్ప కాడ ఇద్దరు ఆడోళ్లు కనబడుతున్నరన్నరు. ఎద్దు ఈనిందంటె గాట కట్టెయ్యుమనే జనం. వెస్లీ ఆదివారం గుడి ముంగట అందరితోని లొల్లి పెట్టుకున్నడు. నా పెండ్లాం దెయ్యం కాలే, పరలోకంల ఉన్నది, ఇంకొకసారి అన్నోని పండ్లు రాలగొడత అన్నడు. జనం ఎవలిండ్లకు వాళ్లు పోయిన్రు. తర్వాత ఎవలు ఆయన ఇంటికి రాలే.

పగలు అట్ల లొల్లి పెట్టుకున్న మనిషి రాత్రి పొయ్యి మీద బియ్యం పెడితె ఇద్దరికి సరిపడ పడుతుండె. చెయ్యికి అట్లనే అలవాటు. మిగిలిన అన్నం ముంగట పెట్టుకొని కూసునేటోడు. వద్దన్నా ఒక ఆలోచన వచ్చేది. ఊరోళ్లు అనేది అబద్ధమైతె మహిమ పరలోకంల ఉన్నట్టు. పరలోకం శాన దూరం. నిజమే అయితె… ముసలిగుట్ట మీద ఉన్నట్టు. ముసలిగుట్ట దగ్గరనే. బండి ఉంటె పోయి రావచ్చు.

ఒక్కసారి కనబడితె చాలు అనుకునేటోడు. ఒక్కదాన్నే ఇడిచిపెట్టి ఉరికిన కదా, కోపం వచ్చిందా అని ఆ ఒక్క మాట అడగాలె. గంతే ఆయన కోరిక. ఎవలికి చెప్పుకునేది కాదు.

కాని ఘాటు ఎక్కలే. ఆ బండితోని ఎక్కనీకె మనసు రాలే. పనులకు చుట్టు తిరిగి బస్సు మీద పోయేటోడు. బండి టార్పాలిన్ కింద రెండేండ్లు పండింది.

ఈ యేడు పత్తి ఎల్లినంక, ఏమనుకున్నడో ఏమో, బండిని ట్రాక్టరుకు కట్టి చుట్టు తొవ్వల మంచిర్యాలకు గుంజుకపోయిండు. మెకానిక్కు సిద్దిరాములు షెడ్డు ముంగట నిలబెట్టి, "సిద్దన్నా, గీ పెట్రోలు ఇంజను తీసిపారెయ్యి. డీజిల్ది ఎక్కియ్యి" అన్నడు.

సిద్దిరాములు బండి చుట్టు తిరిగి చూసిండు. "కొత్త బండి కొనుక్కోరాదు తమ్మీ."

"ఆమె కూసున్న బండి గిదే కదన్నా."

సిద్దిరాములు రెంచీలు తీసిండు. పాత ఇంజను గొలుసులు కట్టి లేపి బయట పెట్టిండు. తుక్కుల ఏరి తెచ్చిన డీజిల్ ఇంజనును విప్పి, కడిగి, మళ్ల కట్టిండు. దానికి, పాత గేరుబాక్సుకు జత కుదరకపోతె నడుమ దొడ్డు ఇనుపపలక కోసి బిగించిండు. కొత్తది బరువు ఎక్కువని ముందట బరువు మోసే కమాన్ పట్టీలకు ఇంకో పట్టీ కలిపిండు. వెస్లీ షెడ్డుల్నే పండుకొని, రెంచీలు అందిచ్చుకుంట ఉన్నడు. పనుల ఉన్నన్ని దినాలు జర మనిషి లెక్క కనబడ్డడు.

ఇంజను అంటుకొని గుడ్గుడుమన్ననాడు సిద్దిరాములు స్టీరింగు కిందున్న నల్ల గుండీ చూపిచ్చిండు.

"తాళం తీస్తె ఇది ఆగది. దీనికి నిప్పురవ్వతోని పని లేదు. డీజిల్ పారినంతసేపు కొట్టుకుంటనే ఉంటది. ఆపాలంటె గీ గుండీ గుంజి పట్టాలె. ఆగినంక ఇడిచిపెట్టు, అదే లోపటికి పోతది."

గుంజి ఇడిచిండు. ఇంజను ఆగింది. గుండీ టక్కుమని లోపటికి పోయింది.

"వాన పడితె?"

"పడనియ్యి. బ్యాటరీ పీకేసినా నడుస్తది. ఒకసారి అంటుకున్నదంటె ఇగ ఆపేటోడు ఉండాలె."

వెస్లీ మొకం అటు తిప్పుకున్నడు. ఈ మాట కోసమే వచ్చిండు ఆయన. రెండేండ్లు ఆలిశ్యంగ వచ్చిండు.

"హేండు బ్రేకు లేదు దీనికి. అది గూడ వేసుకొని పో."

"ఎందుకన్నా. గేర్ల పెట్టి చక్రం కింద రాయి పెడత. మా బాపు కాలం సంది గంతే."

"గది పెట్రోలు బండి ముచ్చట తమ్మీ. డీజిల్ బండిని ఏటవాల మీద గేర్ల పెట్టి ఇడిస్తె—"

గప్పుడే సిద్దిరాములు బిడ్డ దీపిక ఇంటికాడికెళ్లి ఫోను చేసింది. ఆయన మాట్లాడుకుంట లోపటికి పోయిండు. వచ్చినంక ఇద్దరికి ఆ మాట యాదికి లేదు.

"పొద్దుగూకుతుంది, రేపు పొద్దుగాల పో" అన్నడు సిద్దిరాములు.

"ఇంటికాడ ఎవలు ఎదురు చూస్తలేరన్నా. ఎప్పుడు పోతె ఏంది" అని వెస్లీ బండి ఎక్కిండు.

చాయ్ హోటలు కాడ ఆపలే. హోటలోడు చెయ్యి ఎత్తి "రాయి…" అంటనే ఉన్నడు, బండి దాటిపోయింది.

చలికాలం. చీకటి బిరబిర పడ్డది. టేకుచెట్ల ఆకులు రాలి, ఎన్నెల తొవ్వ మీదికి సక్కగ దిగుతుంది. కొత్త ఇంజను గుట్టను గుట్ట లెక్కనే చూడలే. దగ్గలే, తుమ్మలే. కొసకు ఎక్కి, అవతలి దిక్కు జర దిగంగనే… కుప్ప కనబడ్డది.

రెండేండ్లల్ల ఇంకింత పెరిగింది.

వెస్లీ ఆపిండు. గుండీ గుంజి ఇడిచిండు. ఇంజను ఆగంగనే చెవుల నిశ్శబ్దం దూరినట్టయింది. పొట్టి డండా గుంజి ఉన్నది గుంజినట్టే ఉంచి, గేర్ల పెట్టి, తాళం తీసి జేబుల వేసుకున్నడు. బండి మూతి పల్లం దిక్కు ఉన్నది. చక్రం కింద పెట్టనీకె రాయి చూసిండు.

ఏడున్నది రాయి? చుట్టు మన్నే.

కుప్ప దిక్కు చూసిండు. అందరు రాళ్లు వేసే కుప్ప… దానికెళ్లి రాయి తీసినోడు ఇంతవరకు పుట్టలే. వెస్లీ చెయ్యి పెట్టి అందినది ఒకటి గుంజిండు. రెండు చేతుల మోసేటంత రాయి. తెచ్చి ముందటి చక్రం కింద ఇరికిచ్చిండు. భయం పెట్టలే ఆయనకు. ఇంకా ఏం పోతదని భయం?

తర్వాత ఆయన చేసిన పని వింటె పిచ్చోడనుకుంటరు. ఆ రాత్రి ఎట్ల పోయిండో అట్లనే, ఫోను చేతుల పట్టుకొని, కొసకున్న బండ దిక్కు నడిచిండు. ఆ రాత్రి పోయి వచ్చేసరికి ఆమె లేదు. ఇయ్యాల పోయి వస్తె… ఉంటదేమో. గట్ల లెక్క కట్టుకున్నడు. ఒంటరోని లెక్కలు గట్లనే ఉంటయి.

బండ ఎక్కిండు. ఫోను చూసిండు. సిగ్నలు లేదు. ఎన్కకు తిరిగి చూడనీకె ధైర్యం చాలక కొంచెంసేపు అట్లనే నిలబడ్డడు.

గప్పుడు వినబడ్డది.

కిర్రు… మని ఒక చప్పుడు. కమాన్ పట్టీ కదిలినట్టు.

తర్వాత… గుడ్… గుడ్… గుడ్గుడ్గుడ్…

ఇంజను అంటుకున్నది.

వెస్లీ చెయ్యి జేబుల పడ్డది. తాళం జేబుల్నే ఉన్నది.

ఉరికిండు. మలుపు తిరిగేసరికి బండి పోతుంది. లైట్లు లేవు. మెల్లగ, మనిషి నడిచినట్టు, గాడిల పడి పల్లానికి పోతుంది. కుప్ప కాడ ఏదో కదిలినట్టయిందిగని ఆయన అటు చూడలే. బండి పక్కపొంటి అందుకొని, ఎడమ దిక్కు కిటికిలకెళ్లి లోపటికి చూసిండు.

తోలే సీట్ల చీకటి. ఎన్నెల స్టీరింగు మీద మాత్రం పడుతుంది. స్టీరింగు జర ఇటు… జర అటు… కదులుతుంది. కొత్తగ నేర్చుకునేటోళ్లు తిప్పినట్టు.

"మహిమా…"

ఇంజను గుడ్గుడుమంటనే ఉన్నది.

ఎగిరి లోపటికి దూకి గుండీ గుంజుడు ఎంతసేపు? వెస్లీ గుంజలే. గుంజితె ఇంజను ఆగుతది. ఇంజను ఆగితె ఆమె పోతది. తలుపు మీద చెయ్యి వేసి బండి పక్కపొంటి నడిచిండు. పెండ్లి ఊరేగింపుల కారు పక్కకు నడిచినట్టు నడిచిండు. రెండేండ్ల సంది నోట్ల ఉన్న మాటలన్ని బయటపడ్డయి. బియ్యం ఎక్కువ పడుతున్నయన్నడు. గుడిల అందరితోని లొల్లి పెట్టుకున్న అన్నడు. నేర్పిస్త నేర్పిస్త అని నేర్పియ్యలే అన్నడు.

"ఒక్కదాన్నే ఇడిచి పోయిన. ఊరికెనే పోయిన. సిగ్నలు లేకుండె."

ఆయన తలుపు తీసి, ఎక్కి, ఎడమ సీట్ల కూసున్నడు. ఆమె కూసునే సీటు. తోలే సీటు దిక్కు చూడలే. చూస్తె ఖాళీగ ఉంటదేమోనని భయం. ఆ రాత్రి మొత్తంల ఆయన భయపడ్డది దానికే.

ముంగట లోయ మలుపు వస్తుంది.

ఆ మలుపు ముంగట తొవ్వ జర సాపు. బండరాతి నేల, గాడి ఉండది. గాడి ఆడికే ఆఖరు. తిప్పేటోడు లేకుంటె బండి సక్కగ లోయలకే పోతది. వెస్లీకి తెలుసు. అటు వొంగి చెయ్యి చాపితె గుండీ అందుతది. అది గూడ తెలుసు.

చేతులు రెండు ఒడిల పెట్టుకున్నడు.

"నీ ఇష్టం, మహిమా."

చక్రాలు గాడి దాటి బండ మీదికి ఎక్కినయి. లోయకెళ్లి సల్లగాలి కిటికిల కొట్టింది…

టక్.

ఇంజను ఆగింది. బండి ఒక్కపారి ఊగి, ఆడనే నిలబడ్డది.

తర్వాత… ఎన్కకెళ్లి… గాడిల అడుగుల చప్పుడు. కాళ్ల కడియాలు ఒకదానికొకటి తాకుతున్నయి. ఆడిమనిషి. మెల్లగ వస్తుంది. దగ్గరికొస్తుంది. కిటికి కాడ ఆగింది.

వెస్లీ కిటికి దిక్కు తిరిగిండు. "మహిమా?"

మొకం మీద బ్యాటరీ లైటు పడ్డది.

"మహిమ కాదు, నేను లస్మవ్వను. కింద గూడెపుదాన్ని. మేక తప్పిపోయిందని దేవులాడుకుంట వచ్చిన. నువ్వు చింతమడుగు అబ్రహాం కొడుకువు కదా? బుద్ధుందా నీకు? కుప్ప రాయి బండి కింద పెడతవా?"

ముసలామె ఒక్కతీరుగ తిడుతనే ఉన్నది.

"చక్రం కింద చూస్తె నేను పెట్టిన రాయి. ఊరోళ్లందరి రాళ్లు ఉండంగ నీకు అదే దొరికిందా? గుంజి తీసిన. తీసుకపోయి కుప్ప మీద పెట్టి తిరిగేసరికి, నీ బండి పోతుంది."

రాయి తీసింది. బండి పల్లానికి జారింది. గేర్ల ఉన్నది, చక్రాలు తిరిగితె ఇంజను తిరిగింది, ఇంజను తిరిగితె డీజిల్ పారింది. అంటుకున్నది. డీజిల్ బండిని ఏటవాల మీద గేర్ల పెట్టి ఇడిస్తె— సిద్దన్న సగంల ఇడిచిన మాట గిదే. స్టీరింగు తిప్పింది గాడి. ఎవలు లేరు. ఎవలు రాలే.

వెస్లీ రెండు చేతులల్ల మొకం పెట్టుకున్నడు. రెండేండ్ల సంది ఇంత ఒంటరిగ ఎన్నడు అనిపియ్యలే ఆయనకు. ముసలామె తిట్టుడు ఆపింది.

"ఏడుస్తున్నవా కొడుకా? ఇంత మాటకేనా?"

"నీ రాయి అని నాకు తెలువది అవ్వా."

"నా రాయి కాదు. నీ పెండ్లాం పేరు మీద పెట్టిన రాయి. మీ మతపోళ్లు కదా అని సున్నంతోని సిలువ గీసిన దాని మీద. అందుకే గుర్తువట్టిన."

వెస్లీ తలకాయ ఎత్తిండు. "మహిమ నీకెట్ల తెలుసు?"

"ఎట్ల తెలుసు ఏంది. ఆ రాత్రి బండి కాడికి వచ్చింది నేనే కదా. నువ్వు అటు మీదికి ఉరుకుడు, నేను ఇటు కిందికెళ్లి వచ్చుడు. ముంతల నీళ్లు ఉంటె తాగిపిచ్చిన. నా చెయ్యి పట్టుకున్నది. పట్టుకునే పోయింది బిడ్డా. నేను మా గూడెపోళ్లను పిలుచుకొచ్చేసరికి ఫారెస్టోళ్లు ఎవలో మీ ఇద్దరిని జీపుల తీసుకపోయిన్రట. నీకు చెప్దామంటె నువ్వు మళ్ల ఘాటు ఎక్కకపోతివి."

ఒక్కతే పోలే.

వెస్లీ కిటికి దగ్గరికి జరిగిండు. "ఏమన్న… అన్నదా అవ్వా?"

"నిన్నే అడిగింది. బండి అంటుకున్నదా అని అడిగింది. అంటుకుంటది బిడ్డా, ఫికర్ చెయ్యకు అన్న. రాయి వెయ్యుమంటె కసురుకున్నడు, అట్లనే ఉంటడు ఆయన, నువ్వేమనుకోకు అన్నది. జర నవ్వింది గూడ."

ఆయన ఏడ్సుకుంటనే నవ్విండు. లస్మవ్వ కిటికిలకెళ్లి చెయ్యి పెట్టి తలకాయ నిమిరింది. ఆ చెయ్యే మహిమ పట్టుకున్న చెయ్యి. రెండేండ్లల్ల ఆయనను ఇంకొక మనిషి తాకుడు అదే మొదటిసారి.

కొంచెంసేపటికి కండ్లు తుడుచుకొని, "ఎక్కు అవ్వా, గూడెం కాడ దించుత. మేకను రేపు ఇద్దరం దేవులాడుదాం" అని, ఇటు దిగి అటు పోయి తోలుదామని తలుపు మీద చెయ్యి వేసిండు.

లస్మవ్వ కదలలే. లైటు ఆయన మీదికెళ్లి తీసి, తోలే సీటు మీద వేసింది. ముంగట లోయ మీద వేసింది. మళ్ల ఆయన మీద వేసింది.

"ఇగో కొడుకా… నువ్వు ఉరికొచ్చి ఈ దిక్కుకెళ్లి ఎక్కినవ్, చూసిన. తోలేటోళ్లు వేరే ఉన్నరనుకున్న. నువ్వు గిక్కడ కూసున్నవ్." గొంతు తగ్గించింది. "మరి ఆపింది ఎవలు?"

వెస్లీ చెయ్యి తలుపు మీదనే ఆగిపోయింది. టక్కుమన్న చప్పుడు గప్పుడు యాదికొచ్చింది. ఇంజను దానంతట అది ఆగిన చప్పుడు కాదు, గుండీ గుంజి ఇడిచినప్పుడు అయ్యే చప్పుడు.

సిద్దిరాములును ఇప్పుడు పోయి అడిగినా ఒక్కటే చెప్తడు. తెల్లారి ఇంజను మొత్తం చూసిన, డీజిల్ నిండుగ ఉన్నది, గాలి జొరలే, గుండీ తీగ మంచిగనే ఉన్నది. గుంజకుంట అది ఆగది. పరేషాన్ల వెస్లీయే గుంజి ఉంటడు, యాదికి ఉండది అంటడు. వెస్లీని అడిగితె, కావచ్చు అంటడు. గంతకంటె ఎక్కువ చెప్పడు.

ఆ రాత్రి మాత్రం ఆయన మెల్లగ దిగి, చుట్టు తిరిగి పోయి, తోలే సీట్ల కూసున్నడు. తాళం పెట్టి అంటిచ్చిండు. లైట్లు వేసిండు. పక్కసీటు మీద దుమ్ము అరచేత్తోని తుడిచి, "ఎక్కు అవ్వా" అని మళ్ల పిలిచిండు.

ముసలామె తలుపు కాడికి వచ్చి, లోపటికి చూసి, ఎన్కకు జరిగింది. తలుపు మెల్లగ దగ్గరికి వేసింది.

"నాకు నడుసుడే అలవాటు బిడ్డా. మీరిద్దరు పైలంగ పోండ్రి."